సున్నా నుంచి లెక్కపెట్టిన పెళ్లికొడుకులు

ఆ రోజుల్లో మాకు కోడ్ రాయడమంటే కోడ్ ఎక్కించుకోవడమే. ఇప్పుడైతే ఏం కావాలో మాటల్లో చెబితే కంప్యూటరే పేజీలకు పేజీలు రాసిచ్చేస్తోంది గానీ, పదీ పన్నెండేళ్ల కిందట సూర్యాపేటలో వెబ్‌సైట్లు తయారుచేసే నాబోటి వాడికి ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టిన కోడ్ ముక్కలే దిక్కు. ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి జరగడానికి ఒక ముక్క, ఫోన్ నంబర్‌లో పది అంకెలున్నాయో లేదో చూడటానికి ఒక ముక్క, పేజీ అడుగుకి వెళ్లినవాణ్ని మళ్లీ పైకి తీసుకొచ్చే బాణం గుర్తుకి ఒక ముక్క. ఇవన్నీ రెండొందల పేజీల నోట్‌బుక్‌లో చేత్తో రాసుకునేవాణ్ని. (కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు కదా అని అడగకండి. చేత్తో రాస్తే గుర్తుంటుందని మా డిగ్రీ సారు చెప్పాడు. గుర్తుండేది, నిజమే. గుర్తుండటం వేరు, అర్థం కావడం వేరు అని మాత్రం ఆయన చెప్పలేదు.) మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో చిట్కాలుండేవి. "మార్చేముందు పాతది కాపీ తీసిపెట్టుకో." "ఏదీ పనిచేయకపోతే ఎక్కడ సెమీకోలన్ పెట్టడం మరిచావో వెతుకు." "కస్టమర్ ఏదైనా బాగాలేదంటే ముందు రిఫ్రెష్ చేయమను." ఈ మూడోది మా యజమాని నేర్పింది.

ఆ యజమానిని మేమంతా 'అయిపాయె అన్న' అనేవాళ్లం. సైట్ ఎప్పుడిస్తారని ఎవరు ఫోన్ చేసినా, ఆ పని మొదలుపెట్టకపోయినా సరే, "అయిపాయె అన్నా, అయిపాయె" అనేవాడు. టైలర్ షాపు మీద ఒకే గది ఆఫీసు. కింద కుట్టుమిషన్లు నడుస్తుంటే పైన మా టేబుళ్లు సన్నగా వణికేవి. నేను చిలుకూరు నుంచి వచ్చి, కోదాడలో డిగ్రీ పూర్తి చేసి, అక్కడ చేరిన మూడో నెలలోనే నన్ను నేను పెద్ద వెబ్ డెవలపర్‌నని అనుకోవడం మొదలుపెట్టాను. అనుకోవడమే కాదు, చొక్కా జేబులో రెండు పెన్నులు కూడా పెట్టుకునేవాణ్ని.

ఆ సమయంలోనే కోదాడ నుంచి లెక్కల టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఊరికే కూర్చోలేక ఇంట్లోనే పెళ్లి సంబంధాల బ్యూరో పెట్టుకుంది. మధ్యవర్తిగా కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోదని పేరు. చంకలో ఒక పెద్ద రిజిస్టర్, చేతిలో ఒక కవరు. కవరులో ఇరవై మూడు మంది పెళ్లికొడుకుల ఫోటోలు, ఒక్కో ఫోటో వెనక రిజిస్టర్‌లోని నంబరు.

"అమ్మాయిల ఫోటోలు కంప్యూటర్లో పెట్టే ప్రసక్తే లేదు బాబూ. అబ్బాయిలవే పెట్టు. ఫోటో, దాని కింద వివరాలు. తప్పుల్లేకుండా చేస్తావా?"

నేను నోరు తెరిచేలోపే మా అన్న అందుకున్నాడు. "అయిపాయె మేడం. మా వోడు గిసుంటివి మస్తు చేసిండు."

గిసుంటిది నేను ఒక్కటీ చేయలేదు. అయినా తలూపాను. నోట్‌బుక్ తిరగేసి ఫోటోలు చూపించే ముక్క ఒకటి నలభయ్యో పేజీలోంచి, వివరాల పట్టిక చూపించే ముక్క ఒకటి తొంభయ్యో పేజీలోంచి తీశాను. రెండూ రెండు వేర్వేరు చోట్ల, ఒకరికొకరు తెలియని ఇద్దరు మనుషులు రాసినవి. రెంటినీ పక్కపక్కన అతికించి, పైన రెండు తమలపాకుల బొమ్మ పెట్టాను. అద్భుతంగా వచ్చింది. ప్రతి ఫోటో కిందా ఒక పేరు, ఒక ఊరు, ఒక ఉద్యోగం. పరీక్షించాను కూడా. ఎలా అంటే, ఒక్కో ముఖం చూడటం, కింద వివరాలు చదవడం, తృప్తిగా తలాడించడం. ఇరవై మూడు మందిలో ఒక్కడూ నాకు తెలియదు. తెలియని మనిషి ఫోటో కింద ఏ పేరు రాసినా అది అతని పేరులాగే ఉంటుందన్న సంగతి అప్పట్లో నా బుర్రకు తట్టలేదు.

టీచరమ్మ దగ్గర బటన్ల ఫోనే ఉండేది. అందుకని మా ఆఫీసుకే పిలిచి సైట్ చూపించాం. మొదటి పేజీలో ఆవిడ ఫోటోనే ఉంది, పట్టుచీరలో. ఆవిడ కళ్లజోడు సర్దుకుని తన ఫోటోనే రెండు నిమిషాలు చూసి, "బాగుంది బాబూ" అని లేచింది. లోపలి పేజీలు తెరవలేదు.

సైట్ పెట్టిన వారంలో ఒకావిడ ఫోన్ చేసింది. చిట్టచివరి అబ్బాయి, అంటే ఇరవై మూడో నంబరు, వాళ్ల అమ్మ. "మా వోని పేరు అగుపిస్తుంది గని ఫోటో ఏది బిడ్డా? ఉత్త తెల్లడబ్బా అగుపిస్తుంది." నేను క్షణం కూడా ఆలోచించకుండా, "మీకాడ నెట్‌వర్క్ సరిగ్గ లేదమ్మా" అన్నాను. పాపం ఆవిడ నమ్మింది. డాబా మీదికెక్కి కూడా చూసిందట. (ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

ఇంకో వింత కూడా జరిగింది. పదకొండో నంబరు అబ్బాయిది మిర్యాలగూడ, మోటార్లకు వైండింగ్ చేసే షాపు. రెండేళ్లుగా రిజిస్టర్‌లో ఉన్నా ఒక్క సంబంధమూ కుదరలేదు. సైట్ పెట్టాక అతని కోసం ఒకటే ఫోన్లు. టీచరమ్మ సంతోషంగా చెబితే నేను కాలర్ సర్దుకుని, "అంతా డిజైన్‌ల ఉంటది మేడం" అన్నాను.

ఒక ఆదివారం చిలుకూరులో ఇంటి దగ్గర తలకి నూనె పెట్టుకుంటూ కూర్చున్నాను. టీచరమ్మ ఫోన్.

"ఎక్కడున్నావు బాబూ?"

"ఇంటికాడనే మేడం."

"నేను మఠంపల్లిలో ఉన్నా, పెళ్లిచూపులకొచ్చా. మీ సైట్లో కనపడే అబ్బాయి వేరు, ఇక్కడికి వచ్చిన అబ్బాయి వేరు."

నోటికి అలవాటైన చిట్కాయే వచ్చింది. "ఒక్కసారి రిఫ్రెష్ చేసి సూడుండ్రి మేడం."

ఆవిడ, ముప్పై ఏళ్లు తరగతి గదిని నడిపిన గొంతుతో, చాలా నెమ్మదిగా అంది: "అబ్బాయి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు నాయనా. ఆయన్నేం రిఫ్రెష్ చేయమంటావు?"

నేను నూనె చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాను.

"నేను ఫోటో మార్చి మోసం చేశానంటున్నారు వీళ్లు. నువ్వొచ్చి జరిగిందేంటో చెప్పేదాకా నన్ను కదలనిచ్చేట్టు లేరు. బయల్దేరు."

నేను బండి తీస్తుంటే, ఎటుపోతున్నవ్‌రా అని నాన్న అడిగాడు. పెళ్లిచూపులకన్నాను. "ఎవరియిరా?" అన్నాడు. "తెల్వదే" అన్నాను. ఆయన ముఖంలో కనిపించిన కంగారు ఆ తర్వాత నా డిగ్రీ మార్కులప్పుడు తప్ప ఎన్నడూ కనిపించలేదు. (డిగ్రీ అప్పటికే అయిపోయింది గదా అంటారేమో. ఒక సబ్జెక్టు మిగిలింది. ఆ కథ వేరు.)

హుజూర్‌నగర్ దాటాక సిమెంటు లారీల వెనకే వెళ్లాను. తలకి పెట్టుకున్న నూనె మీద దుమ్మంతా అంటుకుని, మఠంపల్లిలో ఆ ఇంటిముందు దిగేసరికి నా జుట్టు అరవై ఏళ్లవాడిలా తెల్లబడిపోయింది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలుగా ఉన్నాయి. ఒక వరస అమ్మాయి వాళ్లు, ఎదురు వరస అబ్బాయి వాళ్లు. మధ్యలో స్టూలు మీద ఎవరూ ముట్టని మిక్చర్ ప్లేట్లు, చాయ్ కప్పులు. అమ్మాయి మేనమామ చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను లోపలికి రాగానే ఆ ఫోన్‌ని నా చెవి పక్కన పెట్టి, ఒకసారి నన్నూ ఒకసారి దాన్నీ చూశాడు.

"గీన గూడ కాదు," అన్నాడు వాళ్ల బావతో. "ఇంకెంతమందొస్తరు ఇయ్యాల?"

ఫోన్‌లో ఉన్నది ఆరడుగుల మనిషి. ఛాతీ విశాలం, మీసం మెలి తిరిగి ఉంది. కుర్చీలో ఉన్నది పొట్టిగా, సన్నగా, ముందు జుట్టు వెనక్కి జరిగిన ఒక మెత్తటి మనిషి. తల వంచుకుని, కర్చీఫ్‌ని నాలుగు మడతలు పెట్టి విప్పి మళ్లీ పెడుతున్నాడు. పక్కన వాళ్ల అమ్మ కళ్లనీళ్లతో ఉంది. "మేం మా పిలగాని ఫోటోనే ఇచ్చినమయ్యా. గీ మీసాలాయన ఎవరో మాకేం ఎరుక?"

అతన్ని చూడగానే నాకు తెలిసింది, నేను పాడుచేసింది ఒక పేజీ కాదని. ఒక మనిషిని ఇరవై మంది ముందు కూర్చోబెట్టి, నువ్వు అతను కావని అందరిచేతా చెప్పించాను.

టీచరమ్మ నన్ను తిట్టలేదు. తన పక్కన కూర్చోబెట్టుకుని మేనమామ ఫోన్ తీసుకుంది. కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, స్క్రీన్ ముక్కు దగ్గర పెట్టుకుని, ఒడిలో రిజిస్టర్ తెరిచింది.

"పదకొండో నంబరుకి కనపడేది పన్నెండో అబ్బాయి. కోదాడలో ఆటల మాస్టారు. మరి పన్నెండుకి ఎవరు కనపడుతున్నారో తియ్యి."

తీశాను. ఆవిడ చూసి, పదమూడో అబ్బాయంది, పెద్దవూర వాళ్లు.

"చివరి అబ్బాయికి?"

"ఖాళీ మేడం."

"అంటే, నాకూ ఫోన్ చేసి వాపోయిన వాళ్లమ్మకి నెట్‌వర్క్ బాగానే ఉందన్నమాట. మొదటి అబ్బాయి ఫోటో ఎక్కడుంది?"

వెతికాను. ఎక్కడా లేదు. ఆవిడ రిజిస్టర్ మూసింది. "అందరూ ఒక్కో గడి జరిగారు. ఎందుకు జరిగారు?"

అప్పుడు వెలిగింది నాకు. నలభయ్యో పేజీలోని ముక్క ఫోటోలను సున్నా నుంచి లెక్కపెడుతుంది, ప్రపంచంలో చాలా కోడ్ అలాగే లెక్కపెడుతుంది. తొంభయ్యో పేజీలోని ముక్క రిజిస్టర్ నంబర్ల ప్రకారం ఒకటి నుంచి మొదలవుతుంది. నేను రెంటినీ అతికించానే గానీ, మీరిద్దరూ ఎక్కడినుంచి లెక్కపెడతారని అడగలేదు. ఆ సంగతే చెప్పాను.

మేనమామ నమ్మలేదు. "సున్న అంటే ఎవ్వలు లేనట్టు గద తమ్మీ? ఎవ్వలు లేని కాడికెళ్లి ఎట్ల లెక్కపెడుతరు?"

టీచరమ్మ లేచింది. ఆవిడకి తరగతి దొరికింది. అమ్మాయి వాళ్ల వరసలో మొదటి కుర్చీలో కూర్చున్న తాతని చూపించి, "వీడి కంప్యూటర్లో ఈయన నంబరు సున్నా. పక్కాయనది ఒకటి. ఆ పక్కన రెండు. ఇప్పుడు నా రిజిస్టర్లో ఒకటో నంబరు ఎవరని అడిగితే కంప్యూటర్ ఎవర్ని చూపిస్తది?"

"రెండో కుర్సీ ఆయన్ని," అన్నారు నలుగురు ఒకేసారి.

"నేను యాడ పోయిన?" అన్నాడు తాత అసహనంగా.

"నువ్వు సున్న కాడ కూసున్నవే," అంది వాళ్ల కోడలు. ఎవరో నవ్వారు. ఒకరు మిక్చర్ ప్లేటు మీద చేయివేశారు. గాలి కొంచెం తేలికపడింది గానీ మేనమామ ఇంకా ఫోన్ కిందికి దించలేదు. "సమజైంది. మోసం లేదు. గని మా పిల్ల సూసింది ఈ మీసాలాయన్ని గదా. ఆ లెక్కన ఈ సంబంధం..."

"నేను ఫోటో సూసి ఊ అనలే మామా."

అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉంది. వాళ్ల నాన్నకి సిమెంటు ఫ్యాక్టరీలో పని, ఆ అమ్మాయి మిర్యాలగూడ దవాఖానలో నర్సు. సూది వేసేటప్పుడు ఉండే స్థిరమైన గొంతు. "కింద రాసింది సదివి అన్న. వంట వచ్చు, భార్య ఉద్యోగం చేస్తే సంతోషం, డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం కూర తయారుంటయ్ అని ఉన్నది. గంతే సూసిన." ఆపి, నా వైపు తిరిగింది. "గా రాసింది ఈయనదేనా? లేకపోతే గది గూడ జరిగిందా?"

వాకిలంతా నన్నే చూసింది. కర్చీఫ్ మడతపెడుతున్న చెయ్యి కూడా ఆగింది. ఆయనదే అని చెప్పేయడం నాకు చాలా తేలిక. అప్పటిదాకా అడిగిన ప్రతిదానికీ అలాగే చెప్పాను. మా ఆఫీసులో అందరం అలాగే చెబుతాం. కానీ వివరాల పట్టిక ఏ గడి నుంచి మొదలవుతుందో నేను నిజంగా ఎప్పుడూ చూడలేదు.

"నాకు తెల్వదక్కా," అన్నాను. "రిజిస్టర్‌ల సూడాలె."

టీచరమ్మ నన్ను ఒక్కసారి చూసి, పదకొండో పేజీ తీసి గట్టిగా చదివింది. వైండింగ్ షాపు. మిర్యాలగూడ. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. వంట వచ్చు. భార్య ఉద్యోగం చేస్తే సంతోషం. డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం కూర తయారు. అక్షరం పొల్లు పోలేదు. అతని చేతిరాతే.

"రాసుడు ఎవరన్న రాస్తరు," అన్నాడు మేనమామ.

అమ్మాయి రెండడుగులు ముందుకొచ్చింది. "పప్పుచారు ఎట్ల చేస్తరు?"

ఆ మనిషి అప్పుడు తల ఎత్తాడు. మొదట మాట తడబడింది. కందిపప్పు మెత్తగా ఉడకాలన్నాడు. చింతపండు ముందే నానబెట్టుకుంటానన్నాడు. సొరకాయ దగ్గరికి వచ్చేసరికి గొంతు నిలదొక్కుకుంది. ముక్కలు పెద్దగా కోయాలని వేళ్లతో చూపించాడు. పోపులో మెంతులు నాలుగే వేయాలనీ, ఐదోది వేస్తే చేదు వస్తుందనీ అన్నాడు. "పోపు ఎయ్యంగనే మూత పెట్టాలె. వాసన బయటికి పోనియ్యొద్దు." వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరూ అప్పటికి ముందుకి వంగి వింటున్నారు.

"మరి ఉప్పెక్కువైతే?" అంది అమ్మాయి.

"ఇంకింత పప్పు ఉడకేసి కలుపుత."

"టైం లేకపోతే?"

అతను ఆలోచించాడు. "ఉప్పెక్కువైందని ముందుగాల్నే చెప్పి వడ్డిస్త."

ఆ అమ్మాయి నవ్వింది. ఆపుకుందామని చూసి, ఆగక, కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మేనమామ ఫోన్ జేబులో పెట్టుకుని, "మళ్ల చాయ్ తెండ్రి, సల్లారిపోయినట్టున్నయ్ గవి," అన్నాడు. నాకూ ఒక కప్పు ఇచ్చారు. నర్సు గారి తల్లి మాత్రం, "నీకెందుకయ్యా చిన్న వయసుల గింత పండువెంట్రుకలు?" అని జాలిపడింది.

ఆ ఎండాకాలమే పెళ్లైంది. నన్ను పిలిచారు. పీటల మీద ఉన్న పెళ్లికొడుకు నన్ను దగ్గరికి రమ్మని సైగచేస్తే, ఏదో ఆప్యాయంగా చెబుతాడనుకుని వంగాను. "తమ్మీ, వంటలకాడికి పోయి పోపులేసిన గిన్నెల మీద మూతలు పెట్టిండ్రో లేదో సూసి రా జర," అన్నాడు చెవిలో.

సైట్ మాత్రం పెళ్లిచూపుల మరునాడే విప్పాను. ఫోటోలు ఒకచోట, వివరాలు ఒకచోట పెట్టడం మానేసి, ఒక మనిషికి సంబంధించినవన్నీ ఒకే చోట ఉండేలా మొదటినుంచీ రాశాను. ఈసారి ముక్కలు అతికించలేదు. ఒక్కో వరస ఏం చేస్తుందో నాకు నేను పైకి చెప్పుకుంటూ రాస్తుంటే, కింద టైలర్ పైకొచ్చి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. పరీక్షించడానికి మా నాన్న, మేనత్తలు, అయిపాయె అన్న ఫోటోలు పెట్టాను. తెలిసిన ముఖమైతే ఒక్క గడి జరిగినా వెంటనే తెలుస్తుంది. మొదటిది, చివరిది, మధ్యలోది చూశాను. ఫోటో ఒక్కటీ లేనప్పుడు ఏమవుతుందో కూడా చూశాను. ఇప్పటికీ నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి నేను చెప్పేవి ఇంతే. పెద్ద విద్యలేం కావు. ఇరవై మూడో అబ్బాయి వాళ్లమ్మకి కూడా ఫోన్ చేశాను. మీ నెట్‌వర్క్ తప్పు కాదమ్మా, నాదే అన్నాను. "గా మాట అప్పుడే చెప్తే డాబా ఎక్కే పని తప్పి నాకు మోకాళ్లన్న మిగులుండె గదా బిడ్డా," అంది.

కొత్త సైట్ చూపించడానికి కోదాడ వెళ్లాను. టీచరమ్మ ఈసారి తన ఫోటో దగ్గర ఆగలేదు. ఇరవై మూడు మందినీ రిజిస్టర్‌తో పోల్చి, ఒక్కొక్కరి పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి, కాఫీ ఇచ్చి, ఒక ఖాళీ ఫారం నా ముందుంచింది. "నువ్వూ నింపు. తెలియనిది తెలియదని చెప్పే అబ్బాయిలు నా రిజిస్టర్లో తక్కువ."

సిగ్గుపడుతూనే శ్రద్ధగా నింపాను. 'తెలిసిన భాషలు' అన్నచోట, ఈ గడి నాకోసమే పెట్టారనుకుని, గుండ్రంగా రాశాను: హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్.

ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. "ఇన్ని భాషలొచ్చు, సరే. అమ్మాయి ఎదురుగా కూర్చుంటే ఏ భాషలో మాట్లాడతావు బాబూ?"

కాఫీ గ్లాసులోకి చూశాను. అర నిమిషం గడిచింది, ఒక్క మాటా రాలేదు. ఆవిడ నా జేబులోంచి ఒక పెన్ను తీసుకుని, ఆ మూడింటినీ ఒకే గీతతో కొట్టేసి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: తెలుగు, కొద్దిగా.

ఇప్పుడు నాకు ఆ కంప్యూటర్ భాషలు పది దాకా వచ్చు. ఎవరైనా అడిగితే గడగడా చెప్పగలను. కానీ ఆ రోజు టీచరమ్మ ముందు బిగుసుకుపోయి కూర్చున్న ఆ రెండు పెన్నుల కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తే, వాడి పక్కన ఒక కుర్చీ లాక్కుని కూర్చోవాలనిపిస్తుంది. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఊరికే, కాఫీ చల్లారేదాకా.